ఆరేసిన చోటు

ఎరుపంటే కట్టడం. ఆకుపచ్చంటే చెట్టూ చేమా. నీలమంటే నీళ్లు. బూడిదరంగంటే రోడ్డు. పసుపంటే ఖాళీ నేల. ఉన్నవి ఈ ఐదే. లోకంలో ఇంకేమున్నా ఈ ఐదింట్లోనే ఎక్కడో ఒకచోట ఒదగాలి, ఇరుకింటికి వచ్చిన చుట్టాలు ఒదిగినట్టు.

ఆకాశంలోంచి తీసిన ఫోటోలో ఊరినంతా ఈ ఐదు రంగుల్లోకి సర్దడం ఆమె ఉద్యోగం. అందుకే ఆఫీసులో అందరికీ ఆమె రంగులమ్మ. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు.

రంగులు ముందు కంప్యూటరే వేసేస్తుంది. కొత్తగా వంట నేర్చుకున్న పిల్లలాగా చాలావరకు బాగానే చేస్తుంది, కొన్నిచోట్ల ఉప్పు మరిచిపోతుంది. ఎత్తైన మేడ నీడ పడితే చెరువనుకుని నీలం వేస్తుంది. తుప్పు పట్టిన రేకుల ఇళ్లను చూసి మట్టి అనుకుంటుంది. రంగులమ్మ స్క్రీన్ దగ్గరికి వంగి, ఇటు పాత ఏడాది ఫోటో, అటు కొత్త ఏడాది ఫోటో పెట్టుకుని, రెండింటినీ మార్చి మార్చి చూసుకుంటూ తప్పులు దిద్దుతుంది. ఏది మారింది, ఏది మారలేదు, అదే లెక్క. అంతా అయ్యాక ఆఖర్న జల్లెడ పడుతుంది. జల్లెడంటే నిజం జల్లెడ కాదు, కంప్యూటర్‌లోనే ఒక పద్ధతి. పెద్ద రంగు మధ్యలో ఎక్కడైనా ఒంటరి చుక్క మిగిలితే, దాన్ని చుట్టూ ఉన్న రంగులో కలిపేస్తుంది. పచ్చని తోట మధ్య ఒక ఎర్రచుక్క ఉందనుకోండి, అదీ పచ్చనైపోతుంది. మ్యాపు శుభ్రంగా ఉండాలి కదా మరి. ఒంటరి చుక్కల కోసం ఎవరూ పాలసీలు రాయరని పెద్దసారు అంటూంటాడు.

ఆ మంగళవారం పెద్దసారు తన గదిలోంచి లేచి, టీ కప్పు చేత్తో పట్టుకుని ఆమె కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఆయన సాధారణంగా ఎవరి కుర్చీ దగ్గరికీ రాడు, మనుషుల్నే పిలిపించుకుంటాడు.

"రంగులమ్మా, నీ కళ్లు కళ్లు కావమ్మా."

"ఏమైంది సార్?"

"పోయిన నెల వాగు పక్కన ఒక ముక్క ఎరుపు తీసేసి పసుపు చేశావు, గుర్తుందా?"

"గుర్తుంది సార్."

"పైవాళ్ల నెత్తిన పాలు పోశావు పో. బస్సుల డిపోకి ఖాళీ నేల ఎక్కడుందా అని ఎప్పట్నుంచో వెతుక్కుంటున్నారు. ఊరంతా ఎరుపే, సూది మోపే సందు లేదు. నీ పుణ్యమా అని అంత పసుపు ఒక్కచోట దొరికింది. పైగా ఎవరి పేరునా లేని నేల. నిన్న మీటింగులో దాని మీదే వేలు పెట్టారు."

రంగులమ్మ చేయి మౌస్ మీద ఉంది. వేళ్లు తనవి కానట్టు, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు ఉన్నాయి.

"అది ఖాళీ నేలే అంటారా సార్?"

"నువ్వే కదమ్మా అన్నావు." పెద్దసారు నవ్వి టీ గుక్క మింగాడు.

అన్నది ఆమే. వాగు పక్కన ఆ ముక్క ప్రతి ఫోటోలోనూ తెల్లగా మెరుస్తుంది. తెలుపంటే సిమెంటు డాబా అని కంప్యూటర్ ఏళ్ల తరబడి దానికి ఎరుపే వేస్తోంది. ఒక ఫోటోలో ఆ తెలుపు వెడల్పుగా, ఇంకో ఫోటోలో సన్నగా, మరోదాంట్లో రెండు ముక్కలుగా ఉంది. ఇళ్లు అలా పెరిగి తరిగి చీలవు. అవి దుప్పట్లని రంగులమ్మకు చూడగానే తెలిసింది. ఆసుపత్రి దుప్పట్లు, లాడ్జీల దుప్పట్లు. వాటిని అక్కడ ఉతికి ఆరేసేది ఆమె సొంత అక్క. ఆ దుప్పట్ల కింద నడిచే ఆమె పెద్దదైంది. తప్పు కనపడింది కదా అని దిద్దింది. దుప్పటి కట్టడం కాదు కదా. ఐదు రంగుల్లో దానికి మిగిలింది పసుపొక్కటే. ఆ రోజు దిద్దినవాటిల్లో అదీ ఒకటి, అంతే. దిద్ది, ముందుకు జరిగిపోయింది.

"అక్కడ మనుషులు ఏదన్నా పని చేసుకుంటూ ఉంటే సార్?"

"ఉంటే కర్రబాబాయి చూస్తాడుగా. గురువారం పొద్దున శాటిలైట్ మన ఊరి మీదుగా పోతుంది. అదే పూట బాబాయి నేల మీద నిలబడి ఫోటోలు తీస్తాడు. పైనుంచి అది, కిందనుంచి ఇతను, ఇద్దరూ ఒకే పూట చూడాలి. అక్కడ పని జరుగుతూ కనపడితే 'వాడుకలో ఉంది' అని రాస్తాడు, ఆ నేల జాబితాలోంచి తీసేస్తారు. ఖాళీగా కనపడితే డిపో. ఇందులో నువ్వు దిగులుపడాల్సింది ఏముంది?" పెద్దసారు వెళ్లబోయి ఆగాడు. "బాబాయికి రాతపని చేసే అతను సెలవు పెట్టాడు. గురువారం నువ్వు వెళ్లమ్మా, నీ ముక్కేగా. ఒకటి గుర్తుపెట్టుకో, ముందుగా అక్కడివాళ్లకి చెప్పకూడదు. చెబితే రాత్రికి రాత్రి రేకులు పాతేవాళ్లూ, మొక్కలు గుచ్చేవాళ్లూ ఉంటారు."

చెప్పకూడదన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. తన వాళ్లుండే చోట ఎవరూ రంగు దిద్దకూడదన్న సంగతీ తెలుసు. ఆ రెండోది ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. పక్క ఫోటో తెరిచింది. చెరువు కాని నీడకు నీలం తీసేసి, బూడిదరంగు వేసింది.

*

ఆఫీసు అయ్యాక ఆమె ఇంటికి పోలేదు. వాగు వైపు బస్సెక్కింది.

బస్సు దిగి సందులోకి తిరగ్గానే ముందు సోడా వాసన, దాని వెనకే ఉడికిన బట్టల ఆవిరి. సందు చివర ఒక్కసారిగా ఆకాశం విచ్చుకుంటుంది. వాగు గట్టు దాకా కొలిచి పాతినట్టు గుంజలు, గుంజ నుంచి గుంజకు దండేలు, దండేలకు మధ్యమధ్య ఊతకర్రలు. దండేల నిండా దుప్పట్లు. గాలి వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి పొట్ట ఉబ్బించి మళ్లీ లోపలికి లాక్కుంటాయి.

అక్క ఆరినవాటిని తీస్తోంది. తీయడమంటే లాగడం కాదు. దుప్పటి అంచుని బుగ్గకు ఆనించి చూస్తుంది. తడి చేతికి తెలియకపోయినా బుగ్గకు తెలుస్తుంది. ఆరితే ఒక్క ఊపున దండెం మీంచి భుజం మీదికి జార్చుకుంటుంది. ఆరకపోతే తిరగేసి వదిలేస్తుంది. చెల్లెల్ని చూసి కూడా ఆ వరస పూర్తిచేసే దాకా ఆగలేదు.

"ఏమే, ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడు? ఆదివారం కూడా తీరదంటావు, మంగళవారం తీరిందా?"

"ఊరికే వచ్చాను."

"ఊరికే వచ్చేదానివి కాదు నువ్వు. పట్టుకో."

రంగులమ్మ సంచి కింద పెట్టి దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి దులిపి, సగానికి మడిచి, దగ్గరికి నడిచి, కొసలు కలిపి, మళ్లీ వెనక్కి నడిచారు. కొసలు కలిసిన ప్రతిసారీ అక్క వేళ్లు ఆమె వేళ్లకు తగులుతున్నాయి. ఆ వేళ్లు సోడా నీళ్లలో నానినానీ గరుకు తేలి ఉన్నాయి.

బావ బట్టలు ఉడికించే బానకింద నిప్పు లాగేస్తూ పొగలోంచి అన్నాడు, "మరదలా, నువ్వు ఆకాశంలోంచి ఊరంతా చూస్తావటగా. మధ్యాన్నం నేను మూటల మీద కునుకు తీసేది కూడా తెలుస్తుందా?"

"తెలియదు బావా. మనుషులు కనపడరు."

"హమ్మయ్య. మీ అక్కకి మాత్రం వాగు అవతల నుంచైనా కనపడతాను."

"కనపడక? పని ఉన్నచోట తప్ప అన్నిచోట్లా కనపడతారు" అంది అక్క.

రంగులమ్మ నవ్వాలనుకుంది. నవ్వాల్సిన చోట మొహం కదిలింది కూడా. చెప్పాల్సిన మాట నోట్లో రేగుగింజలా అటూ ఇటూ తిరుగుతోంది. 'ఇది ఎర్రగా ఉండేది అక్కా, నేనే పసుపు చేశాను.' అంతే మాట. అది చెబితే ఎరుపంటే ఏమిటో చెప్పాలి, పసుపంటే ఏమిటో చెప్పాలి, డిపో గురించి చెప్పాలి. అసలు చెప్పాల్సిన పనేముంది, గురువారం దుప్పట్లు ఆరేసి ఉంటే చాలు, బాబాయి 'వాడుకలో ఉంది' అని రాసేస్తాడు, ఈ మాట గింజలా మింగేయొచ్చు.

"అక్కా, గురువారం పొద్దున దుప్పట్లు ఎన్నింటికల్లా ఆరేస్తావు?"

"ఎండ గుంజల మీదికి రాగానే. ఏం?"

"మా ఆఫీసు నుంచి ఒకాయన వస్తాడు. ఫోటోలు తీస్తాడు. నేనూ వస్తాను."

అక్క మడత పెడుతున్న చేతులు ఆగాయి. "మీ ఆఫీసు నుంచా? ఇక్కడికా?"

"ఊరంతా తీస్తున్నారులే. మీరేం హడావిడి పడకండి. మామూలుగా మీ పని మీరు చేసుకుంటూ ఉండండి. అంతే."

"ఫోటోలు దేనికి?"

"మ్యాపు కోసం."

అక్క బావ వైపు చూసింది. బావ లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు. తనకు ఉద్యోగం వచ్చిన రోజున ఇద్దరి మొహాలూ ఇలాగే ఉన్నాయని రంగులమ్మకు అనిపించింది.

"ఎవరికీ చెప్పొద్దు. ముందుగా చెప్పకూడదు అసలు" అంది.

"మేమెందుకు చెబుతామే" అంది అక్క. చెల్లెలి భుజం మీద పడ్డ సుద్దపొడిలాంటి సోడా మరకని దులిపింది. "ఎంతమంది వస్తారు?"

"ఒక్కరే అక్కా. మర్యాదలేం వద్దు."

వచ్చేవాళ్లు మర్యాదలేం వద్దంటే ఇంకాస్త ఎక్కువ చేయాలని కొందరికి పుట్టుకతోనే తెలుసు. ఆ సంగతి రంగులమ్మకు తెలియక కాదు. ఆ సాయంత్రం గుర్తు రాలేదు.

*

కర్రబాబాయి చేతిలో ఎప్పుడూ ఎరుపూ తెలుపూ చారల కర్ర ఒకటి ఉంటుంది. తీసిన ప్రతి ఫోటోలో ఆ కర్ర నిలబెట్టి ఉండాలి, ఎత్తు తెలియడానికి. ఊళ్లోని సందులన్నీ అతనికి తెలుసు. పెళ్లిలో ఫోటోలు తీసేవాడిలా తాను మాత్రం ఏ ఫోటోలోనూ ఉండనని, తన కర్ర మాత్రం చరిత్రలో నిలిచిపోతుందని దారంతా చెబుతూ వచ్చాడు. రంగులమ్మ ఊ కొడుతోంది. ఆకాశంలో మబ్బు లేదు. ఎండ గుంజల మీదికి వచ్చి చాలాసేపై ఉంటుంది.

సందు తిరిగారు. సోడా వాసన లేదు.

దండేలు లేవు. దండేలన్నీ చుట్టచుట్టి షెడ్డు గోడకు తగిలించారు. ఊతకర్రలు ఒక పక్కగా, పొడుగు వరసన సర్దిపెట్టారు. గుంజలు కూడా చాలావరకు పీకి పక్కన పడుకోబెట్టారు, పీకిన గుంటల్ని పూడ్చి కాలితో అదిమారు. నేలంతా ఊడ్చి, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లారు. చీపురు గీతలు అర్ధచంద్రాలుగా వాగు గట్టు దాకా కనపడుతున్నాయి. బాన బోర్లించి ఉంది. ఒక దారప్పోగు కూడా లేదు.

మధ్యలో ఒకటే ఒక వెడల్పాటి చెక్కబల్ల. దాని మీద మడత విప్పిన కొత్త తెల్లదుప్పటి, నాలుగు వైపులా నేలను తాకేలా పరిచి ఉంది. ఒక్క ముడత లేదు.

అక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఎదురొచ్చింది. తల తడిపి దువ్వుకుంది. బావ వెనకాల రెండు చేతులూ ముందుకు కట్టుకుని నిలబడ్డాడు.

"రండి బాబూ. కూర్చోండి. రావే, కూర్చో" అంది బల్ల చూపిస్తూ.

"బట్టలేవి?" అంది రంగులమ్మ.

అక్క గర్వంగా గొంతు తగ్గించింది. "తెల్లారకముందే అన్నీ ఉతికేశాం. తొట్లలో ఉన్నాయి, షెడ్డులో. మీ సారు వెళ్లాక ఆరేద్దాంలే. ఫోటోలో ఆ గుడ్డపీలికలన్నీ ఎందుకు? ఎంత నీటుగా ఉందో చూడు. మీ బావ నిన్న పొద్దుణ్ణించీ నడుం ఎత్తలేదు."

"మామూలుగా ఉండమన్నాను కదా అక్కా."

"అంటావులే."

కర్రబాబాయి అప్పటికే నేల మధ్యకు నడిచాడు. చేతిలో యంత్రం చూసుకుంటూ రెండడుగులు ముందుకు, ఒకడుగు పక్కకు వేసి, మ్యాపులో గుర్తుపెట్టిన పాయింటు సరిగ్గా దొరికిన చోట ఆగాడు. బల్లకు కాస్త దూరంగా. కర్ర నిలబెట్టాడు. ఉత్తరం వైపు తిరిగి ఒకటి తీశాడు. తూర్పు. దక్షిణం. పడమర. ఆఖర్న కాళ్ల దగ్గర నేలను.

"ఇంత శుభ్రమైన ఖాళీ నేల నా సర్వీసులో చూడలేదమ్మా" అన్నాడు. "బల్ల అడ్డం రాకుండా తీశాన్లే."

రంగులమ్మ చేతిలోని ఫారం మీద పెన్ను ఆనించి ఉంది. "బాబాయ్, ఇక్కడ రోజూ దుప్పట్లు ఆరేస్తారు. ఈ నేలంతా నిండుతుంది. ఆ పక్కన దండేలు చూడండి."

అతను దండేల వైపు చూశాడు. ఆమె మొహం వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. ఇద్దరి ముక్కులూ ఒకటేనని గమనించాడో ఏమో, గొంతు తగ్గించాడు.

"నేను చూసింది రాయాలి తల్లీ. విన్నది రాయకూడదు. చుట్టి గోడకు పెట్టిన తాడంటే ఎవరింట్లోనైనా ఉంటుంది. కొట్టిన ఫోటో కొట్టినట్టే పైకి పోయింది, పాయింటు మూసుకుపోయింది. మళ్లీ తీస్తానన్నా యంత్రం తీసుకోదు." కర్ర చంకలో పెట్టుకుంటూ, "ముందే తెలిస్తే కాస్త ఆలస్యంగా వచ్చేవాళ్లమేమో" అన్నాడు.

ఆలస్యంగా రావడానికి వీల్లేదు. శాటిలైట్ ఆలస్యంగా రాదు. రంగులమ్మ తలెత్తింది. నీలం తప్ప ఏమీ లేదు. ఎప్పుడూ ఏమీ కనపడదు, అక్కడెక్కడో చప్పుడు లేకుండా వెళ్లిపోతుంది. ఈపాటికి వెళ్లిపోయే ఉంటుంది.

"ఏం చూస్తున్నావే? కూర్చో" అంది అక్క, టీ కప్పులున్న పళ్లెం పట్టుకుని. బాబాయి బల్ల కొసన కూర్చుని టీ తాగి, బిస్కెట్టు తిని, చాలా బాగుందమ్మా అని రెండుసార్లు చెప్పాడు. రంగులమ్మ నిలబడే తాగింది. "కూర్చోవేం? నీకోసమే పరిచాను. లాడ్జీది కాదు, మనదే" అంది అక్క. రంగులమ్మ ఫారం నింపుతున్నట్టు వంగింది. వాడుక అన్న గడిలో బాబాయి చెప్పింది రాసింది. లేదు.

బాబాయి తర్వాతి పాయింటుకు ఆటోలో వెళ్లిపోయాడు. ఆమెను వెనక రమ్మన్నాడు, తొందరేం లేదన్నాడు.

బావ గుంజలు మళ్లీ పాతుతున్నాడు. తొట్లలో దుప్పట్లు తెల్లారుజాము నుంచీ నానుతూ పులిసిన వాసన మొదలెట్టాయి. అక్క ఇస్త్రీ బట్టలతోనే చేతులు పైకి మడుచుకుని ఒక దుప్పటి పైకి లాగింది. రంగులమ్మ రెండో కొస అందుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చెరోవైపుకీ మెలితిప్పారు. నీళ్లు మధ్యలో ధారగా దిగి, ఊడ్చిన గీతల మీద గుంట చేశాయి.

"బాగా వచ్చిందా ఫోటో?" అంది అక్క.

"బాగా వచ్చింది."

ఇంకో మెలిక తిప్పారు.

"ఇక్కడ బస్సుల డిపో కడతారు అక్కా."

అక్క తిప్పడం ఆపలేదు.

"పైనుంచి తీసిన ఫోటోలో ఇది ఖాళీ నేల అని తేలింది. ఇవాళ దుప్పట్లు ఉంటే డిపో జాబితాలోంచి తీసేసేవాళ్లు. ముందు ఇది ఎర్రగా ఉండేది, కట్టడం అని. నేనే మార్చాను. పోయిన నెల."

"ఎర్రగా దేనికుండేది?"

"దుప్పట్లు. పైనుంచి డాబాల్లా తెల్లగా కనపడతాయి."

"రోజూనా?"

"ఎప్పుడు తీసినా."

గట్టు మీద బావ గునపం దెబ్బ ఒకటి వినపడింది, తర్వాత ఇంకోటి.

"అయితే ఇన్నేళ్లూ కనపడ్డానన్నమాట" అంది అక్క.

రంగులమ్మ తన కొసను ఇంకోసారి మెలితిప్పింది. ఏదో ఒకటి రావాలి, ఏడుపో మరోటో. చేతుల్లోకి తడి బరువు మాత్రం వచ్చింది.

"మొన్ననే చెప్పకపోయావా."

"చెబుదామనే వచ్చాను."

"గట్టిగా పట్టుకో. జారుతోంది" అంది అక్క.

ఆ దుప్పటి అయ్యాక ఇంకోటి పిండారు, తర్వాత ఇంకోటి. పూడ్చిన గుంటలు వెతుక్కుని బావ గుంజలు పాతుతుంటే, పాతినంతమేర ఇద్దరూ ఆరేస్తూ వెళ్లారు. మధ్యాహ్నానికి నేలంతా తెల్లబడింది. చూసేవాళ్లు లేరు.

*

సోమవారం కొత్త ఫోటో వచ్చింది.

రంగులమ్మ పాతది ఒక పక్క, కొత్తది ఒక పక్క పెట్టుకుంది. వాగు పక్కన, అన్ని ఏళ్ల ఫోటోల్లోనూ తెల్లగా మెరిసిన చోట, ఈసారి తడి మట్టి రంగు ఉంది. ఊడ్చిన నేల పైనుంచి చాలా మెత్తగా కనపడింది. కంప్యూటర్ తనంతట తానే పసుపు వేసింది. దిద్దాల్సిన అవసరమే రాలేదు.

పెద్దసారు వెనకాల నిలబడ్డాడు. ఈసారి టీ కప్పు లేదు, రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి.

"ఆకాశం, నేల, మ్యాపు, మూడూ ఒకే మాట మీద ఉండటం నా సర్వీసులో చూడలేదమ్మా. సాధారణంగా ఏదో ఒకటి అబద్ధం చెబుతుంది." వంగి చూశాడు. "అదేంటి, మధ్యలో మచ్చ?"

పసుపు మధ్యలో ఒకే ఒక్క ఎర్రచుక్క ఉంది. రంగులమ్మ రంగు తీసేసి కింద ఫోటో చూపించింది. తెల్లని చుక్క. పక్కన నీడ కూడా లేదు, అంత చిన్నది.

"మచ్చ కాదు సార్. దుప్పటి."

"దుప్పటేంటి?"

"బల్ల మీద పరిచింది. కూర్చోమని."

"ఎవరు?"

"మా అక్క."

ఎదుటి వరసలో ఎవరో కీబోర్డు మీద టకటక కొడుతున్నారు. పెద్దసారు జేబుల్లోంచి చేతులు తీశాడు.

"మీ అక్క ఉండేది అక్కడా." అడిగినట్టు లేదు. "ముందే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది సార్."

ఎవరికి చెప్పాల్సిందో ఆయనా అనలేదు, ఆమె కూడా అనలేదు.

ఆయన స్క్రీన్ వైపు తిరిగాడు. చెడ్డవాడు కాదు. ఆయన గదిలో ఆ ఫైలు కోసం పొద్దుణ్ణించీ ఫోను మోగుతోంది. "నీ పేరు లేకుండా చేస్తాన్లే. ఇంకొకరు చూసినట్టు పెడదాం. నేల మీద ఫోటోలు ఉన్నాయి కాబట్టి రంగు ఎవరు వేసినా ఒకటే ఇప్పుడు." గొంతు సవరించుకున్నాడు. "జల్లెడ పట్టేయమ్మా. సాయంత్రం పంపాలి."

రంగులమ్మ చేయి మౌస్ మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. రెండో చేయి దాని మీద పెట్టింది. కోపంగా తీసినట్టు లేదు, తీసింది అంతే. పెద్దసారు ఎదురుచూశాడు. ఆమె ఆ చుక్కనే చూస్తోంది.

"కూర్చోలేదు సార్ నేను" అంది. "మూడుసార్లు అడిగింది. నిలబడే తాగాను."

ఆయన ఆమె భుజం మీదుగా వంగి, మౌస్ అందుకుని, నొక్కాడు. చుక్క పసుపులో కలిసిపోయింది. చుట్టూ ఎంత పసుపో అక్కడా అంతే పసుపు.

రంగులమ్మ లేచింది. సంచి తీసుకుంది. కుర్చీని బల్లకిందికి జరిపింది, రోజూ సాయంత్రం జరిపినట్టే. బయట ఇంకా మధ్యాహ్నమే.

సందు తిరగ్గానే సోడా వాసన వచ్చింది. దండేల నిండా దుప్పట్లు ఉన్నాయి, గాలి లేక కదలకుండా వేలాడుతున్నాయి. ఆ చెక్కబల్ల షెడ్డు నీడలోకి జరిగింది. దాని మీద ఇప్పుడు దుప్పటి లేదు, మడతపెట్టిన లాడ్జీ తువ్వాళ్ల దొంతర ఉంది. రంగులమ్మ వెళ్లి, దొంతర పక్కన మిగిలిన కాస్త జాగాలో కూర్చుంది.

అక్క దుప్పటి వరసల మధ్యలోంచి వచ్చి ఆమెను చూసింది. గురువారం తర్వాత ఇదే చూడటం.

"ఆఫీసు లేదా?"

"ఉంది."

"ఆ ఫోటో పైకి పంపేశారా?"

"సాయంత్రం పంపుతారు. తర్వాత నోటీసు వస్తుంది. అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చు. అప్పుడు నీతో నేనొస్తాను. నేనే రంగు మార్చానని చెబుతాను."

"చెబితే?"

"ఏమో అక్కా."

"ఉద్యోగమో?"

"ఏమో."

అక్క దగ్గర్లోని దుప్పటి అంచుని బుగ్గకు ఆనించి చూసింది. ఇంకా తడే. తిరగేసి వదిలేసింది. వచ్చి తువ్వాళ్ల దొంతర ఎత్తి షెడ్డు లోపల పెట్టి, బల్ల మీద చేత్తో ఒకసారి తుడిచి, చెల్లెలి పక్కన కూర్చుంది. నడుం వెనక్కి వాల్చి నిట్టూర్చింది. తలెత్తి ఆకాశం వైపు చూస్తూ అడిగింది.

"ఇప్పుడు పైనుంచి కనపడతామా?"

"ఇవాళ అది రాదక్కా."

"అయితే నిమ్మళంగా కూర్చో" అంది అక్క.